నీటి జాతకం చదివిన విదుషి

గాజుపాత్రలో పోసిన నీరు స్ఫటికంలా కనిపించినంత మాత్రాన అది పానయోగ్యమని చెప్పడానికి వీలులేదు. మన పూర్వులు చిల్లగింజను అరగదీసి బురదనీటిలో కలిపి, తేరిన నీటిని కడవలకు వంచుకొనేవారు. అది మంచి ఉపాయమే. కాని తేటదనం వేరు, శుద్ధి వేరు. ఈ రెంటికీ గల భేదాన్ని రసాయనశాస్త్రం పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో గాని స్పష్టంగా నిరూపించలేకపోయింది. ఆ నిరూపణకు పాటుపడినవారు ఇంగ్లండులోను, జర్మనీలోను, అమెరికాలోను పలువురు ఉన్నారు. వారిలో ఒక రాష్ట్రమంతటి నీటిని సీసాలలోకి తెప్పించి, ఏళ్ల తరబడి పరీక్షించి, దాని గుణదోషాలను లెక్కలలోకి ఎక్కించిన కీర్తి ఎలెన్ హెన్రియెటా స్వాలో రిచర్డ్స్‌కు దక్కుతుంది.

ఆమె 1842 డిసెంబరు 3న అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో డన్‌స్టబుల్ అనే పల్లెలో జన్మించింది. తల్లిదండ్రులు ఇద్దరూ బడిపంతుళ్లుగా పనిచేసినవారే. ఏకైక సంతానం కావడం వల్ల కొంతకాలం చదువు ఇంటివద్దనే సాగింది. తండ్రి వ్యవసాయం చూసుకొనేవాడు. కుమార్తె చదువు కోసమే 1859లో ఆయన వెస్ట్‌ఫర్డ్ అనే ఊరికి కాపురం మార్చి, అక్కడ ఒక దుకాణం పెట్టాడు. బాలిక అకాడమీలో చదువుకొంటూ, దుకాణంలో సరుకులు తూచి ఇస్తూ, పద్దులు రాస్తూ, తరచు జబ్బుపడే తల్లికి పరిచర్య చేస్తూ పెరిగింది. తరువాతి కాలంలో ఆమె ప్రయోగశాల పుస్తకాలలో కనిపించే అంకెల క్రమశిక్షణకు ఆ దుకాణపు పద్దులే ఓనమాలని ఊహించడంలో తప్పులేదు.

ఆ కాలంలో అమెరికాలో సైతం స్త్రీలకు ఉన్నతవిద్య అందని పండే. అంతర్యుద్ధం ముగిసిన తరువాతి రెండు మూడేళ్లు ఆమెకు తీవ్రమైన నిరాశలో గడిచాయి. చదవాలన్న తపన ఉంది, చదువుకొనే చోటు లేదు. ఆమె పిల్లలకు పాఠాలు చెప్పింది, రోగులకు ఉపచారం చేసింది, ఇళ్లు శుభ్రం చేసే పనికి కూడ వెనుదీయలేదు. అలా పైసా పైసా కూడబెట్టిన 300 డాలర్లతో 1868లో న్యూయార్కు రాష్ట్రంలోని వాసర్ కళాశాలలో చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరవ ఏడు నడుస్తున్నది. స్త్రీల కోసం ఏర్పడిన ఆ కళాశాల తలుపులు తెరిచి మూడేళ్లే అయింది. అక్కడ ఖగోళశాస్త్రం బోధించిన మరియా మిచెల్ ప్రసిద్ధురాలు. ఆకాశం వంక చూడాలా, భూమి వంక చూడాలా అన్న సందిగ్ధం కొంతకాలం ఆమెను వెంటాడినా, చివరకు రసాయనశాస్త్రమే గెలిచింది. నిత్యజీవితానికి అక్కరకు వచ్చే శాస్త్రం కావాలన్నది ఆమె కోరిక. 1870లో పట్టభద్రురాలైంది.

పట్టం చేతికి వచ్చినా పని దొరకలేదు. ఫిలడెల్ఫియాలోని ఒక రసాయన పరీక్షకుల సంస్థకు శిష్యరికం కోరుతూ లేఖ రాస్తే, తమకు అవకాశం లేదనీ, బోస్టన్‌లో కొత్తగా వెలసిన సాంకేతిక విద్యాలయాన్ని అడిగి చూడవలసిందనీ వారు సలహా ఇచ్చారు. నేడు లోకమంతా ఎం.ఐ.టి. అని పిలిచే మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయం అదే. అప్పటివరకు అందులో స్త్రీ ఎవరూ విద్యార్థినిగా చేరలేదు. ఆచార్యులు తర్జనభర్జనలు పడి, ఆమెను ప్రత్యేక విద్యార్థినిగా మాత్రం చేర్చుకోవచ్చుననీ, ఇది ముందుముందు ఇతర స్త్రీలకు ఆధారం కారాదనీ తీర్మానించారు. 1871 జనవరిలో ఆమె చదువు మొదలైంది. జీతం కట్టవలసిన పనిలేదని అధ్యక్షుడు రంకిల్ తెలియజేశాడు. తన పేదరికాన్ని చూసి దయతలచారని ఆమె అనుకొన్నది. అసలు సంగతి వేరు. పాలకవర్గంలో ఎవరైనా ఆక్షేపిస్తే, జీతం కట్టడంలేదు గనుక ఆమె విద్యార్థినియే కాదని తప్పించుకోవడానికి వీలుగా చేసిన ఏర్పాటు అది. ఆ నిజం ముందే తెలిసి ఉంటే అక్కడ అడుగుపెట్టేదానిని కానని తరువాత ఆమె చెప్పుకొన్నది. తెలియకపోవడం శాస్త్రానికి ఎంత మేలు చేసిందో!

చేరిన కొద్ది నెలలకే తండ్రి రైలు ప్రమాదంలో గాయపడి మరణించాడు. తల్లి భారమంతా ఆమెపై పడింది. ఇంటికీ బోస్టన్‌కూ రైలులో తిరుగుతూ చదువు సాగించింది. మగపిల్లలకు దూరంగా, ఒక మూల గదిలో ఒంటరిగా ప్రయోగాలు చేసుకోవలసి వచ్చేది. ఆమె ఎవరితోను వాదానికి దిగలేదు. సూది, దారం, కత్తెర దగ్గర ఉంచుకొని, ఆచార్యుల చొక్కా గుండీలు ఊడితే కుట్టిపెట్టేది. వేలు తెగితే కట్టు కట్టేది. నేటి విద్యార్థినులకు ఇది రుచించకపోవచ్చు. మూసిన తలుపును బద్దలు కొట్టడం ఒక పద్ధతి, దాని కీలుకు నూనె వేసి మెల్లగా తెరవడం మరొక పద్ధతి. ఎలెన్ రెండవదానిని ఎన్నుకొన్నది. మెత్తదనంలో ఆమె దాచుకొన్న పట్టుదల ఎంతటిదో తరువాతి చరిత్రయే చెబుతుంది. 1873లో ఆ విద్యాలయం నుంచి బి.ఎస్. పట్టాను, ఇనుప ఖనిజంలోని వనేడియంపై రాసిన వ్యాసానికి వాసర్ నుంచి ఎం.ఏ. పట్టాను అందుకొన్నది. ఆ తరువాత రెండేళ్లు పరిశోధన సాగించినా డాక్టరేటు రాలేదు. రసాయనశాఖ ఇచ్చే మొదటి డాక్టరేటు ఒక స్త్రీకి పోవడం పెద్దలకు ఇష్టంలేకపోయిందని ఆమె భర్త అభిప్రాయపడ్డాడు.

నీటితో ఆమెకు సంబంధం విద్యార్థి దశలోనే ఏర్పడింది. మాసచూసెట్స్ రాష్ట్ర ఆరోగ్య మండలి నదుల నీటిని, ఊళ్ల మురుగును పరీక్షించే పనిని ఆచార్య విలియం రిప్లీ నికల్స్‌కు అప్పగించింది. స్త్రీలు శాస్త్రవిద్యకు తగరని నమ్మినవారిలో నికల్స్ ఒకడు. అటువంటివాడే ఆమె చేతిపనిలోని నిర్దుష్టతను చూచి సహాయకురాలిగా తీసుకొన్నాడు. ఆ పరీక్షలలో అధికభాగం ఆమె చేసినవేననీ, ఫలితాలు నమ్మదగినవనీ ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో ఒప్పుకొన్నాడు.

1875 జూన్‌లో గనుల శాస్త్రం బోధించే ఆచార్య రాబర్ట్ హాలోవెల్ రిచర్డ్స్‌ను ఆమె పెళ్లాడింది. పెళ్లి ప్రస్తావన జరిగిన స్థలం కూడ ప్రయోగశాలయే. పెళ్లియాత్రకు నోవాస్కోషియా గనులకు బయలుదేరినప్పుడు వరుడి వెంట అతని విద్యార్థి బృందమంతా ఉన్నది. వధువు పొట్టి పావడా, దళసరి బూట్లు ధరించి గనులలోకి దిగింది. భర్త ప్రోత్సాహం ఆమెకు జీవితాంతం లభించింది. 1876లో స్త్రీల కోసం ప్రత్యేక ప్రయోగశాల ఏర్పడినప్పుడు ఆమె అందులో జీతం తీసుకోకుండా పనిచేసింది. పైగా ఏటా సుమారు వెయ్యి డాలర్లు తానే సమర్పించింది. ఏడేళ్లకు విద్యాలయం స్త్రీలను మామూలు విద్యార్థులుగా చేర్చుకోవడంతో ఆ ప్రత్యేక శాల అవసరం తీరిపోయింది. 1883లో దానిని మూసివేశారు. 1884లో ఆమె పారిశుధ్య రసాయనశాస్త్ర బోధకురాలిగా నియమితురాలై, మరణించేవరకు, అంటే 27 ఏళ్లు, ఆ పదవిలోనే ఉన్నది. ఆచార్య పదవి ఆమెకు ఎన్నడూ ఇవ్వలేదు.

ఇక ఆమె జీవితంలోని ముఖ్య ఘట్టానికి రావాలి. మాసచూసెట్స్ అప్పటికే మిల్లుల సీమ. లోవెల్, లారెన్స్ వంటి పట్టణాలు మెరిమాక్ నది ఒడ్డున బట్టల మిల్లులతో పెరిగిపోయాయి. ఎగువ ఊరి మురుగు నదిలో కలిసేది. దిగువ ఊరివారు ఆ నదినే తాగేవారు. విషజ్వరాలు ప్రతి సంవత్సరం పలువురిని బలిగొనేవి. 1886లో రాష్ట్ర శాసనసభ లోతట్టు జలాల శుద్ధిని కాపాడే బాధ్యతను ఆరోగ్య మండలికి అప్పగిస్తూ చట్టం చేసింది. చట్టం చేసినంతలో పని పూర్తికాదు గదా! ఏ నీరు మంచిది, ఏది చెడింది, ఎంత చెడింది అన్నది తేలితే గాని ఎవరినీ కట్టడి చేయలేరు. అందుకు రాష్ట్రంలోని జలాధారాలన్నిటినీ నెలనెలా పరీక్షించాలని 1887లో నిర్ణయించారు. నికల్స్ అంతకు ముందే మరణించాడు. ఆచార్య థామస్ డ్రౌన్ పర్యవేక్షకుడైనాడు. ప్రయోగశాల భారం శ్రీమతి రిచర్డ్స్‌దే. సుమారు పదేళ్లలో 40 వేల నమూనాలు ఆ శాలకు చేరాయని లెక్క.

నమూనా సీసా చేరిన క్షణం నుంచి కాలంతో పరుగు మొదలయ్యేది. నీరు సీసాలో ఊరకే ఉండదు. అందులోని సేంద్రియ పదార్థం కుళ్లుతూ, రూపం మార్చుకొంటూనే ఉంటుంది. అందువల్ల ఆలస్యం చేస్తే పరీక్షించేది నది నీటిని కాదు, సీసా నీటిని. ముందు రంగు చూడాలి; చల్లగా ఒకసారి, వేడిచేసి మరొకసారి వాసన చూడాలి. కొలిచిన నీటిని ఆవిరిచేసి మిగిలిన మడ్డిని తూచాలి. ఆపైన నత్రజని కథను విప్పాలి.

ఆ కథ విద్యార్థులు శ్రద్ధగా గమనించదగినది. మలమూత్రాదులలోని నత్రజని మొదట మాంసకృత్తుల వంటి సంక్లిష్ట పదార్థాల రూపంలో ఉంటుంది. కుళ్లేకొద్దీ అమ్మోనియాగా మారుతుంది. ప్రాణవాయువు సోకి, సూక్ష్మజీవుల చర్య వల్ల అది నైట్రైటుగా, చివరకు నైట్రేటుగా పరిణమిస్తుంది. కాబట్టి నీటిలో అమ్మోనియా కనిపిస్తే మురుగు తాజాగా కలిసిందని అనుమానించాలి. నైట్రైటు కనిపిస్తే మార్పు ఇంకా జరుగుతున్నదని గ్రహించాలి. నైట్రేటు మాత్రమే ఎక్కువగా ఉంటే ఒకప్పుడు కల్మషం చేరి, నేలలో ఇంకుతూ శుద్ధి అయిందని ఊహించాలి. అంటే నీటి వర్తమానమే కాదు, భూతకాలం కూడ ఆ అంకెలలో ఉంటుంది. అమ్మోనియాను కనుగొనడానికి నెస్లర్ ద్రావణం వాడేవారు. అది అతిస్వల్పమైన అమ్మోనియాకు కూడ పసుపురంగు తిరుగుతుంది. ఎక్కువ ఉంటే గోధుమవన్నెకు దిగుతుంది. తెలిసిన పరిమాణాలతో నింపిన గాజుగొట్టాల వరుస పక్కన దీనిని నిలిపి, రంగుకు రంగు పోల్చి లెక్కగట్టాలి. ఈ పరీక్ష ఎంత సున్నితమైనదంటే, అదే గదిలో ఎవరైనా అమ్మోనియా సీసా మూత తీసినా ఫలితం తప్పిపోతుంది. ఇట్టి పనికి చేతి నైపుణ్యం ఎంత కావాలో, గది శుభ్రత అంత కావాలి.

ఇన్ని పరీక్షలలోను అతి సులభమైనదే ఆమెకు గొప్ప పేరు తెచ్చింది. అది క్లోరైడు పరీక్ష. మనిషి తిన్న ఉప్పు మనిషిలో ఉండిపోదు. మూత్రం ద్వారా, వంటింటి కుడితి ద్వారా మురుగులోకి చేరుతుంది. అమ్మోనియా వలె అది మారదు, కుళ్లదు, నేలలో ఇంకినా విరగదు. కాబట్టి మనుషుల మురుగు ఎక్కడ చేరినా ఉప్పు సాక్ష్యం చెబుతుంది. పరీక్షా విధానం ఇది. నీటిలో కొద్దిగా పొటాషియం క్రోమేటు వేస్తే నీరు పసుపుపచ్చగా మారుతుంది. బ్యూరెట్టు నుంచి సిల్వర్ నైట్రేటును బొట్టుబొట్టుగా వదలాలి. క్లోరైడు ఉన్నంతసేపు తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. అది అంతా అయిపోయిన మరుక్షణం తరువాతి బొట్టు ఎర్రని ఛాయ చూపుతుంది. అక్కడ ఆపి, ఎంత ద్రావణం పట్టిందో చూసుకొంటే క్లోరైడు లెక్క తేలుతుంది. నేటికీ మన కళాశాలల్లో విద్యార్థులు చేసే ప్రయోగమే ఇది.

ఐతే చిక్కు ఒకటి ఉన్నది. ఉప్పు మనుషుల నుంచే రావాలని నియమం లేదు. సముద్రపు గాలి తుంపరలను మోసుకొనిపోయి వానతోపాటు నేలపై కురిపిస్తుంది. అందుచేత ఏ ఊరి నీటిలోనైనా మనిషి ప్రమేయం లేకుండ సహజంగా కొంత క్లోరైడు ఉండి తీరుతుంది. ఆ సహజ పరిమాణం ఎంతో తెలియకపోతే, పరీక్షలో వచ్చిన అంకెకు అర్థం లేదు. జనావాసాలకు దూరంగా ఉన్న చెరువులు, ఊటలు, వాగుల నీటిని వేరుచేసి, వాటి అంకెలను రాష్ట్రపటం మీద గుర్తించి చూస్తే ఒక అందమైన క్రమం బయటపడింది. సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన కేప్ కాడ్ కొసన పది లక్షల పాళ్ల నీటిలో ఇరవై పాళ్ల వరకు ఉన్న క్లోరైడు, లోపలికి వెళ్లినకొద్దీ తగ్గుతూ, పశ్చిమాన కొండసీమకు చేరేసరికి ఒక్క పాలుకు అటూ ఇటూగా నిలిచింది. సమానమైన అంకెలను కలుపుతూ గీసిన రేఖలు ఇంచుమించు సముద్రతీరాన్ని అనుసరించి సాగాయి. దానినే సహజ క్లోరైడు పటం అంటారు.

దాని ఉపయోగాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక బావి నీటిలో పది లక్షల పాళ్లకు ఆరు పాళ్ల క్లోరైడు ఉన్నదనుకొందాం. ఆ బావి కేప్ కాడ్ ఒడ్డున ఉంటే అది నిర్దోషి. అదే బావి పశ్చిమపు కొండల నడుమ ఉంటే, దగ్గరలో ఏదో ఇంటి మురుగు అందులోకి ఊరుతున్నదని నమ్మవలసిందే. దోషనిర్ణయానికి ముందు స్వభావనిర్ణయం జరగాలన్న తర్కం అందులో ఉన్నది. మన కోనసీమ వంటి తీరసీమలలో ఉప్పుబావులు ఎరిగినవారికి ఈ తర్కంలోని బలం వేరే చెప్పనక్కరలేదు. ప్రస్తుతం భారతీయ ప్రమాణాలు తాగునీటిలో క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు అంగీకరిస్తాయి. అది రుచికి, వాడుకకు సంబంధించిన హద్దు. ఎలెన్ వెతికినది హద్దును కాదు, ఆనవాలును. ఈ రెంటినీ కలిపివేయడం పాఠ్యపుస్తకాలలో సైతం కనిపిస్తుంది.

ఆ పటం ఎవరి సృష్టి అన్న ప్రశ్నకు సూటిగా సమాధానం ఇవ్వడం కష్టం. మండలి నివేదికలలో ప్రముఖంగా కనిపించేది డ్రౌన్ పేరు. తరువాతి తరాలు దానిని రిచర్డ్స్ పటమని పిలిచాయి. ఆ బృహత్కార్యం సఫలం కావడానికి ఆమె ఉత్సాహమే ప్రధానమని డ్రౌనే అంగీకరించాడు. అతడు 1895లో మరొక విద్యాలయానికి అధ్యక్షుడై వెళ్లిపోయాడు. ఆమె బ్యూరెట్టు దగ్గరనే ఉండిపోయింది.

రసాయన పరీక్షకు గల పరిమితి కూడ ఆ కాలంలోనే బయటపడింది. 1890-91 శీతకాలంలో లోవెల్, లారెన్స్ పట్టణాలలో టైఫాయిడ్ చెలరేగింది. మెరిమాక్ వంటి పెద్దనదిలో మురుగు కలిస్తే, కోట్లాది గ్యాలన్ల ప్రవాహంలో అది పలుచబడి, క్లోరైడు అంకె చలించినట్లు కూడ కనిపించదు. జ్వరకారకమైన సూక్ష్మజీవి మాత్రం బతికే ఉండి దిగువ ఊరికి చేరుతుంది. అదే విద్యాలయంలో జీవశాస్త్రం బోధించే విలియం సెడ్జ్‌విక్ ఇల్లిల్లూ తిరిగి, ఎగువ వాగు ఒడ్డున ఉన్న రోగుల నుంచి దిగువ పట్టణాల రోగుల వరకు జాడ తీశాడు. 1893లో లారెన్స్ పట్టణం ఇసుక వడపోత కట్టుకొన్నది. టైఫాయిడ్ మరణాలు స్పష్టంగా తగ్గిపోయాయి. నీటికి గత కల్మష చరిత్ర ఏమిటో రసాయనం చెప్పగలదు. అందులో ప్రాణాంతకమైన క్రిమి ఉన్నదో లేదో చెప్పలేదు. ఒకే విద్యాలయపు కప్పు కింద రసాయనశాస్త్రం, జీవశాస్త్రం చేతులు కలపడం వల్ల, అక్కడ శిక్షణ పొందిన పారిశుధ్య ఇంజనీర్లు అమెరికా నగరాల నీటి వ్యవస్థలను తీర్చిదిద్దగలిగారు. వారిలో పెక్కుమంది నీటిపరీక్ష నేర్చుకొన్నది శ్రీమతి రిచర్డ్స్ దగ్గరనే.

ఆమె ఇతర కృషి విస్తారమైనది. 1882లో వంటకు, ఇంటి శుభ్రతకు సంబంధించిన రసాయనశాస్త్రంపై గ్రంథం రాసింది. అంగడి సరుకులలో కల్తీలపై మరొకటి వెలువరించింది. 1890లో బోస్టన్‌లో పేదలకు చౌకగా పుష్టికరమైన ఆహారం వండి అమ్మే వంటశాల తెరవడానికి తోడ్పడింది. కొన్నేళ్లకు ఆ వంటశాల నుంచే నగరంలోని ఉన్నత పాఠశాలలకు మధ్యాహ్న భోజనం వెళ్లింది. గాలి రాని బడిగదులను గురించి ఆమె చేసిన విమర్శలు అధికారులకు చేదుగా తోచాయి. తన ఇంటినే ప్రయోగశాలగా మార్చి, గాలి బయటికి పోయే మార్గాలు అమర్చి, దుమ్ముపట్టే బరువైన తెరలు తొలగించి కిటికీలలో మొక్కలు పెంచింది. 1899 నుంచి లేక్ ప్లాసిడ్‌లో ఏటా జరిగిన సభల ఫలితంగా గృహవిజ్ఞానం ఒక పాఠ్యవిషయంగా రూపొందింది. దానికై ఏర్పడిన జాతీయ సంఘానికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. మన మహిళా కళాశాలలలో హోంసైన్సు పేరిట బోధించే శాస్త్రానికి మూలం అక్కడ ఉన్నది. ఐతే ఆమెను వంటింటి శాస్త్రవేత్తగానే గుర్తుంచుకొని, జలపరీక్షను మరచిపోవడం న్యాయం కాదు. వంటింటి మీద ఆమెకు గల ఆసక్తి కూడ నీటిగొట్టం వెంబడి లోపలికి వచ్చినదే.

ఇప్పుడు మాసచూసెట్స్‌లో సహజ క్లోరైడు పటాన్ని యథాతథంగా వాడుకోవడానికి వీలులేదు. శీతకాలంలో రోడ్ల మీది మంచు కరిగించడానికి చల్లే ఉప్పు వాగులలోకి, బావులలోకి చేరి, ఆ సీమలోని క్లోరైడు అంకెలను ఎంతో పెంచివేసింది. ఆ పెరుగుదల ఎంతో చెప్పడానికి మోటారు బండ్లు రాకపూర్వపు అంకెలు కావాలి. అవి ఆ పాత నివేదికలలో భద్రంగా ఉన్నాయి.

1910లో స్మిత్ కళాశాల ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చి సత్కరించింది. చదువుకొని అర్హత సంపాదించినప్పుడు దక్కనిది, వార్ధక్యంలో మరొకచోటి నుంచి వచ్చింది. అప్పటికే గుండెజబ్బు ముదిరింది. ఉపన్యాసాలు, ప్రయాణాలు మానలేదు. 1911 మార్చి 30న బోస్టన్‌లోని జమైకా ప్లెయిన్‌లో తన ఇంటనే కన్నుమూసింది. రాబర్ట్ రిచర్డ్స్ ఆమె తరువాత 34 ఏళ్లు జీవించి, నూరేళ్లు నిండిన పిమ్మట 1945లో మరణించాడు. 1973లో, ఆమె పట్టం పుచ్చుకొన్న నూరేళ్లకు, ఎం.ఐ.టి. స్త్రీల కోసం ఒక ఆచార్యపీఠం నెలకొల్పి దానికి ఎలెన్ స్వాలో రిచర్డ్స్ పేరు పెట్టింది.